కౌన్సెలింగ్‌కి ముందు తగ్గించుకోవలసిన ఆశలు

మానవుడు నిప్పును కనిపెట్టాడు, చక్రాన్ని కనిపెట్టాడు, ఆ తర్వాత చాలాకాలం ఖాళీగా కూర్చుని చివరికి కౌంటర్‌ను కనిపెట్టాడు. అటువైపు ఒకరు, ఇటువైపు చాలామంది. నాగరికత అంటే ఇంతే. పుట్టుకకు కౌంటరుంది, చావుకు కౌంటరుంది, నీళ్లకూ కరెంటుకూ ఉన్నాయి. మనిషి మనసు ఒక్కటే ఇన్నాళ్లూ ఏ కౌంటరుకూ చిక్కకుండా ఆంబోతులా తిరిగింది. ఆ లోటు కూడా ఈమధ్యే తీరింది. మా ఊళ్లో సమగ్ర కుటుంబ మనోసౌఖ్య కేంద్రం తెరిచారు. మూడంతస్తుల మేడ. కింద పెద్దల విభాగం, మధ్యలో పిల్లల విభాగం, పైన కుటుంబ విభాగం. (లిఫ్టు ఉంది. అందులో ఒకసారికి ఇద్దరే పడతారు. కుటుంబాలు మెట్లెక్కాలి.)

మేము ఆ మూడంతస్తులూ ఎక్కి దిగిన వాళ్లం. కొత్తగా వెళ్లబోయేవారికి పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. రాయడం నా వృత్తి కాదు. నేను కొరియర్ ఆఫీసులో బ్రాంచి ఇన్‌చార్జిని. ఎవరికి రావలసింది వాళ్లకు చిల్లు పడకుండా చేర్చడం నా పని. చేర్చలేకపోతే ఎందుకు చేర్చలేదో రాయించుకుని గానీ ఎవరినీ వదలను. నా కింద పనిచేసేవాళ్లు నన్ను ఏమని పిలుచుకుంటారో నాకు తెలుసు, దాని సంగతి ఇక్కడ అనవసరం.

ముందు మా ఇంటి విషయం. మాది చాలా ప్రశాంతమైన ఇల్లు. నాలుగేళ్లుగా మా ఇంట్లో భార్యాభర్తల మధ్య ఒక్క గొడవ లేదు. పక్కింటావిడ ఈ మాట నలుగురిలో చెప్పి తన మొగుణ్ణి దెప్పుతుంది కూడా. మా రహస్యం ఏమీ లేదు, నేనూ మా ఆయనా మాట్లాడుకోం, అంతే. అలిగామనుకునేరు. అలక చిన్నపిల్లల వ్యవహారం. మాది ఏర్పాటు.

ఆ ఏర్పాటు ఒక ఫ్రిజ్‌తో మొదలైంది. మా ఆయన ఒకరోజు ఎవరినీ అడక్కుండా ఫ్రిజ్ కొనుక్కొచ్చారు. దాని తలుపు గోడవైపు తెరుచుకుంటుంది. లోపల గిన్నె తియ్యాలంటే మనిషి పక్కకి ఒరిగి, చెయ్యి మెలిపెట్టి, ఊపిరి బిగబట్టి తియ్యాలి. “కొనేముందు ఒక్క మాట అడగొచ్చుగా” అన్నాను. “అడిగితే ఏ పనైనా అయిందా ఈ ఇంట్లో?” అన్నారు. అంతే, అటునుంచి మాట లేదు, ఇటునుంచీ లేదు. ముందు ఆయన పలకరించాలని నేను, ముందు నేను పలకరించాలని ఆయన. ఇద్దరం పట్టుదల ఉన్న మనుషులమే. పెళ్లిచూపుల్లో మా ఇద్దరికీ ఒకరిలో ఒకరికి నచ్చింది కూడా అదే, ఖర్మ.

మరి ఇల్లెలా నడిచిందంటారా? మా పాప ద్వారా నడిచింది. దానికిప్పుడు పదకొండేళ్లు. “పాపా, మీ నాన్నకి చెప్పు, భోజనం వడ్డించానని” అనేదాన్ని. మీ నాన్న అనే ఆయన చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చునే ఉండేవారు. “పాపా, చెయ్యి కడుక్కుని వస్తున్నానని చెప్పు” అనేవారు. పాప ఇటు తిరిగి “వస్తున్నారంట” అనేది. ఫోన్లో మా ముగ్గురికీ ఒక గ్రూపు కూడా ఉంది. పాప దగ్గర నా పాత ఫోను ఉంటుందిలెండి. “పాపా, గ్యాస్ ఉందో అయిపోయిందో మీ అమ్మని కనుక్కో” అని ఆయన అందులో పెట్టేవారు. “పాపా, ఉందని చెప్పు” అని కిందనే నేను పెట్టేదాన్ని. పాప బళ్లోంచి వచ్చాక ఆ రెండూ చదువుకుని, “నాన్నా, ఉందంట” అని పెట్టేది. ఒక్క కబురు దారి తప్పింది లేదు. మా ఆఫీసులో కూడా అలాంటి పనితనం నేను చూడలేదు.

మా ఆయన బస్టాండులో అనౌన్సరు. “ప్రయాణికులకు విజ్ఞప్తి” అంటూ పొద్దున్నుంచీ ఊరందరితో మాట్లాడతారు. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఎవరి పెట్టె ఎక్కడ దొరికిందో విడమరిచి చెప్తారు. ఇంటికొచ్చేసరికి ఆయన గొంతుకి విశ్రాంతి కావాలంటారు. (అంటారని పాప చెప్పింది.)

ఇలా చల్లగా సాగుతున్న సంసారంలో ఒక సాయంత్రం పాప మాట్లాడటం మానేసింది. జ్వరం లేదు, దెబ్బ లేదు. ఎప్పటిలాగే నేనొక మాట చెప్పి వాళ్ల నాన్న దగ్గరికి పంపాను. వెళ్లింది. ఆయన కుర్చీ దగ్గర కాసేపు నిలబడింది. ఏమీ అనకుండా తన గదిలోకి పోయి తలుపేసుకుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అడిగిందానికి తలూపుతుంది, పిలిస్తే వస్తుంది, నోరు మాత్రం విప్పదు. బడికి పరిగెత్తాను. “అయ్యో, మాట్లాడకపోవడమేంటండీ, వెనకబెంచీ వాళ్లతో ఒకటే కబుర్లు. కాస్త తగ్గించమని మీరే చెప్పాలి” అంది టీచరమ్మ. అంటే ఆ మౌనవ్రతం మా గుమ్మం లోపల మాత్రమేనన్నమాట.

ఇంట్లో పాలన స్తంభించిపోయింది. పాలు ఇద్దరమూ తెచ్చాం, సబ్బులు ఎవరమూ తేలేదు. తలుపు ఆయన వేశారని నేను, నేను వేశానని ఆయన, బార్లా తెరిచిన ఇంట్లో హాయిగా పడుకున్నాం. మా ఆయన మా అత్తగారిని పిలిపించారు. ఆవిడ వచ్చి కబుర్ల బాధ్యత తీసుకున్నారు గానీ, ఆవిడ చేతిలో పడ్డ మాట వెళ్లేటప్పుడు ఒకటి, చేరేటప్పుడు పది. “టీ చల్లారిపోతోందని చెప్పండత్తయ్యా” అన్నాను. “ఏరా, నీకు టీ పెట్టడం కూడా దండగని అంటోందిరా నీ పెళ్లాం” అని చేరింది. వారం తిరక్కుండానే ఆవిడకి తన ఇల్లు గుర్తొచ్చింది.

నవ్వులాటకి చెప్తున్నాను గానీ నాకు లోపల బెంగ పట్టుకుంది. పిల్ల గొంతు వినక చెవులు పనిచెయ్యనట్టుండేది. స్నానం చేస్తూ పాడుకుంటుందేమోనని బాత్‌రూమ్ తలుపుకి చెవి ఆనించి నిలబడేదాన్ని. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన కూడా తువ్వాలు భుజాన వేసుకుని, స్నానానికి వచ్చినవారిలా అక్కడే నిలబడి ఉన్నారు. ఇద్దరం ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. ఆ రోజే నేను కేంద్రం వారి యాప్ తెరిచాను.

యాప్ చాలా సులువు. మీ దుఃఖం ఎంత ఉందో ఒక గీత మీద వేలితో జరిపి చూపించాలి. మొత్తం చివరిదాకా జరిపితే “మీ నెట్‌వర్క్ సరిచూసుకోండి” అని వస్తుంది. కాస్త వెనక్కి లాగితే తీసుకుంటుంది. పాప వివరాలు నింపాను. “ఈ వివరాలతో ఒక పాప ఇప్పటికే నమోదై ఉంది” అంది. కనుక్కుంటే, ఆ రోజే బస్టాండులోంచి మా ఆయన కూడా నమోదు చేశారు. ఉన్న ఒక్క పాపకి రెండు టోకెన్లు ఎలా వచ్చాయో ఇద్దరూ కలిసి వచ్చి వివరణ ఇచ్చుకోవాలని కేంద్రం వారు సందేశం పంపారు. ఆ విధంగా నాలుగేళ్ల తర్వాత నేనూ మా ఆయనా కలిసి బయటికి వెళ్లాం.

గుమ్మం పైన పెద్ద బోర్డు, “ఇక్కడ మీ మాట వింటాం.” దాని కింద ఇంకో బోర్డు, “నిశ్శబ్దం పాటించండి.” ఏ బోర్డు మాట వినాలో తేల్చుకోలేక జనం గుసగుసలాడుతున్నారు.

మొదటిసారి వెళ్లినవారిని నేరుగా కౌన్సెలర్ దగ్గరికి పంపరు. ముందు ఆశల నియంత్రణాధికారిని కలవాలి. (గది గుర్తుపట్టడం తేలికే, నవ్వుతూ లోపలికి పోయినవాళ్లు నవ్వు లేకుండా బయటికొస్తారు.) జనం కౌన్సెలింగ్ అనగానే ఏవేవో ఊహించుకుని వస్తారనీ, ఆ ఊహలు పెరిగితే కేంద్రానికి చెడ్డపేరనీ ఈ పదవి సృష్టించారట. సన్నగా, ఇస్త్రీ మడతలా ఉన్నాడాయన.

“చెప్పండి. ఏం ఆశించి వచ్చారు?”

“మా పాప మాట్లాడాలండీ” అన్నాను.

“ఎంత?”

“ఎంతేంటండీ? ఇదివరకు ఎంత మాట్లాడేదో అంత.”

ఆయన కొంచెం బాధగా నవ్వాడు. “అంత కుదరదమ్మా. అందరూ అలాగే అంటారు. ఇదివరకటిలా, మునుపటిలా, పెళ్లయిన కొత్తలోలా... అవన్నీ మేం తీసుకోవడం మానేశాం. మొదటి విడతకి ‘ఊఁ’, ‘ఊహూఁ’ వేసుకుంటాను. సరేనా?”

“ఊఁ, ఊహూఁ ఏం సరిపోతాయండీ? కనీసం ‘అమ్మా’ అనైనా వేసుకోండి.”

“‘అమ్మా’ అని వేస్తే ‘నాన్నా’ అని వెయ్యమంటారు వీరు” అని మా ఆయన వైపు చూశాడు. మా ఆయన కాదనలేదు. “చూశారా? పైవాళ్లు నన్నడుగుతారు. ఊఁ, ఊహూఁ, మీ మొహం చూసి ఒక ‘ఏంటి?’ కలుపుతున్నాను. ఇంతకన్నా ఒక్క మాట పెరిగినా నా ఉద్యోగం పోతుంది.”

సంతలో కూరగాయల దగ్గర కూడా నేను అంత తేలిగ్గా దిగిరాను. కానీ పిల్ల పక్కనే కూర్చుని నేల వైపు చూస్తోంది. ఏం బేరం చేస్తాం, ఒప్పుకున్నాను.

తర్వాత పెద్దల విభాగం. ఒక్కొక్కరినీ విడిగా పిలుస్తారు. నాకు దొరికిన కౌన్సెలర్ కుర్రాడు. మనం ఏమంటే అది మనకే తిరిగి ఒప్పజెప్పడం వాళ్ల విద్య.

“మీ ఇంట్లో పరిస్థితి ఎలా ఉంటుంది మేడమ్?”

“ప్రశాంతంగా ఉంటుంది.”

“ప్రశాంతంగా ఉంటుందంటారు.”

“అంటాను. గొడవల్లేవు.”

“గొడవల్లేవంటారు.”

“ఇప్పుడే కదా బాబూ అన్నాను!”

“మీకు కొంచెం కోపంగా ఉందేమో...”

“లేదు. వస్తోంది.”

మా ఆయన్నీ అవే ప్రశ్నలు అడిగారు. గోడలు పల్చన, ఆయనది మైకు లేకపోయినా మైకు గొంతు, అన్నీ వినపడ్డాయి. ప్రశాంతంగా ఉంటుందని, గొడవల్లేవని, సమస్యల్లా పాపతోనేనని ఆయనా అక్షరం పొల్లుపోకుండా అవే చెప్పారు. కుర్రాడు బయటికొచ్చి మా ఇద్దరికీ చేతులు కలిపాడు. ఇద్దరి జవాబులూ ఇంత చక్కగా కలిసిన జంటని తన సర్వీసులో చూడలేదన్నాడు. (తర్వాత తెలిసింది, సర్వీసు మొదలై మూడో రోజు.) పెద్దలు ఆరోగ్యంగా ఉన్నారని తేలింది గనుక మమ్మల్ని మధ్య అంతస్తుకి పంపారు.

అక్కడ అసలు చిక్కు వచ్చి పడింది. పిల్లల విభాగం కౌంటర్ దగ్గర ఒక మేడమ్ ఉంటుంది. అక్కడ పిల్లలు తమ సమస్యను తమ నోటితో చెప్పుకోవాలి. పెద్దలు అందించకూడదు, ఇది చాలా పవిత్రమైన నిబంధన.

“చెప్పమ్మా, నీ సమస్యేంటి?” అంది మేడమ్.

పాప చూస్తూ నిలబడింది.

“మాట్లాడటం లేదండీ, అదే సమస్య” అన్నాను.

“మీరు చెప్పకూడదమ్మా. ఆ అమ్మాయే చెప్పాలి.”

“మాట్లాడటం లేదని ఆ అమ్మాయి ఎలా చెప్తుందండీ? చెప్తే మాట్లాడినట్టేగా?”

“చెప్తే సమస్య తీరిపోతుంది, మీరు ఇంటికెళ్లిపోవచ్చు. చెప్పకపోతే సమస్య నమోదు కాదు, అప్పుడూ ఇంటికెళ్లిపోవచ్చు” అంది ఆవిడ ఎంతో శాంతంగా. నేను ఆవిడ వైపు మెచ్చుకోలుగా చూడకుండా ఉండలేకపోయాను. నాకు బ్రాంచిలో అలాంటి మనిషి ఒక్కరుంటే చాలు.

చివరికి లోపల్నించి పెద్దాయనెవరో వచ్చి దారి చూపించాడు. మేడమ్ సమస్యను గట్టిగా చదువుతుంది. పాప అడ్డుచెప్పకపోతే ఆమోదించినట్టే. “ఈ బాలిక మాట్లాడటం లేదు. అభ్యంతరం ఉందా?” అని మూడుసార్లు చదివింది. హాల్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడి చూశారు. పాప నోరు మెదపలేదు. ఏకగ్రీవంగా నమోదైంది.

పిల్లల కౌన్సెలింగ్ గదిలో బొమ్మలుంటాయి. పిల్లలు బొమ్మలతో ఆడుతూ మనసు విప్పుతారని వాళ్ల సిద్ధాంతం. మా పాప ఒక అమ్మ బొమ్మని, ఒక నాన్న బొమ్మని తీసి గదికి ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి పెట్టిందట. మధ్యలో తను కూర్చుందట, గంట కొట్టేదాకా అలాగే. కౌన్సెలరమ్మ బయటికొచ్చి మురిసిపోయింది. “ఎంత బుద్ధిమంతురాలండీ! మిగతా పిల్లలు చేతులూ కాళ్లూ పీకేస్తారు. ఈ అమ్మాయి బొమ్మల్ని ఎంత నీట్‌గా సర్దిందో!” అని రిమార్కు రాసిచ్చింది. సర్దుకునే గుణం నాదేనని నేను కొంచెం గర్వపడ్డాను కూడా.

ఇక పైఅంతస్తు. కుటుంబ విభాగానికి అధిపతి పెద్ద కౌన్సెలర్ గారు. రిటైర్మెంటు దగ్గర్లో ఉన్న మనిషి, గొంతు దూదిలా ఉంటుంది. గది తలుపు మీద “మీ గోప్యత మా బాధ్యత” అని రాసుంది. ఆ తలుపు చెక్క ఉబ్బిపోయి మూసుకోదు, జానెడు తెరుచుకునే ఉంటుంది. గుండ్రటి బల్ల చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టారు. నేను ఇటు, మా ఆయన అటు, మధ్యలో పాప. ఎవరూ చెప్పకుండానే అలా కూర్చున్నాం, అలవాటు.

పెద్ద కౌన్సెలర్ గారు ఒక మెత్తటి పసుపుపచ్చ బంతి తీశారు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. తర్వాత ఎవరితో మాట్లాడాలనుకుంటే వాళ్లకి విసరాలి. బంతి మొదట మా ఆయనకి ఇచ్చారు. ఆయన దాన్ని మైకులా పట్టుకుని గొంతు సవరించుకున్నారు.

“పాప మాట్లాడకపోవడం వల్ల ఇంట్లో అసౌకర్యంగా ఉంది. కలుగుతున్న అంతరాయానికి...” అని, అలవాటు మాట నోట్లోనే మింగేసి, బంతి పాప చేతిలో పెట్టారు. “పాపా, మీ అమ్మకివ్వు.”

“సార్, మేడమ్‌కి నేరుగా విసరండి” అన్నారు పెద్ద కౌన్సెలర్ గారు.

“ఫర్వాలేదండీ, పాప ఇస్తుంది.”

పాప నాకిచ్చింది. నేను చెప్పవలసింది చెప్పి, “పాపా, మీ నాన్నకివ్వు” అన్నాను. బంతి ఇలా కాసేపు తిరిగింది. పెద్ద కౌన్సెలర్ గారు మొదట రెండు మూడుసార్లు వద్దని వారించారు గానీ, పద్ధతి సాఫీగా సాగుతుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది కదా. ఆయన కూడా ఆ దారిలోనే పడి, “పాపా, మీ అమ్మకి దేనివల్ల కోపమొస్తుందో మీ నాన్నకి తెలుసేమో అడుగమ్మా” అన్నారు.

పాప ఆయన వైపు చూసింది. బంతిని బల్ల మధ్యలో పెట్టింది. చిటికెనవేలు చూపించి, లేచి బయటికి పోయింది.

ముగ్గురం ఆ బంతి వైపు చూస్తూ కూర్చున్నాం. అది ఎవరి చేతిలోనూ లేదు గనుక నిబంధన ప్రకారం ఎవరమూ మాట్లాడకూడదు.

అప్పుడు వరండాలోంచి మాటలు వినపడ్డాయి. ముందుపళ్లు ఊడిన చిన్నపిల్ల ఒకతె వరండా బెంచీ మీద కూర్చుని ఉండటం వచ్చేటప్పుడు చూశాను. వాళ్ల అమ్మానాన్నా పక్కగదిలో ఉన్నారు.

“అక్కా, మీరెందుకొచ్చారు?”

“నేను మాట్లాడట్లేదని తీసుకొచ్చారు.”

పాప గొంతు. కొంచెం బొంగురుపోయినట్టుంది గానీ అదే గొంతు. నేను లేవబోతుంటే పెద్ద కౌన్సెలర్ గారు చెయ్యెత్తి ఆపారు. మా ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

“మాట్లాడుతున్నావుగా?”

“ఇంట్లో మాట్లాడను.”

“మా ఇంట్లో అన్నీ నేనే చెప్పాలి. అమ్మ చెప్పింది నాన్నకి, నాన్న చెప్పింది అమ్మకి” అంది ఆ చిన్నపిల్ల.

“ఎప్పట్నుంచి?” అంది పాప. పాత ఉద్యోగి కొత్తగా చేరినవాళ్లని అడిగినట్టుంది ఆ అడగడం.

“సెలవులప్పట్నుంచి.”

“ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నావా?”

“ఊఁ. అబద్ధాలు చెప్పకూడదంది అమ్మ.”

“అయ్యో, అలా అయితే ఇల్లు గడవదే. కొంచెం కొయ్యాలి. మా అమ్మ ‘ఆ మహానుభావుణ్ణి అడుగు, ఇంటికొస్తారా, బస్టాండులోనే కాపురం పెడతారా’ అంటుందనుకో. నేను ఫోన్ చేసి, ‘నాన్నా, ఎప్పుడొస్తావు, అమ్మ ఎదురుచూస్తోంది’ అంటా.”

“నమ్ముతారా?”

“తొందరగా వచ్చేస్తారు.”

“మరి ఏమీ చెప్పకపోతే?”

“అప్పుడు మనమే కల్పించాలి. అమ్మకి జ్వరమొచ్చినప్పుడు నాన్న ఏమీ అనకుండా డ్యూటీకి వెళ్లిపోయారు. నేనే, ‘సెలవు పెడతానన్నారమ్మా, నువ్వు ఒప్పుకోవని వెళ్లారు’ అన్నా. అమ్మ నవ్వి, మందేసుకుని పడుకుంది. నాన్నకేమో, ‘మైకులో నీ గొంతు వింటే అమ్మకిష్టమంట’ అని చెప్పా.”

నిజమే, చెప్పిన మాట నాకు గుర్తుంది. జ్వరం తగ్గి మంచం దిగాక కూడా ఆ ఒక్క మాట పట్టుకుని నేను చాలాకాలం నెట్టుకొచ్చాను. ఆయన మీద కోపం వచ్చినప్పుడల్లా, పోనీలే, ఆ రోజు సెలవు పెడతానన్నారు కదా అనుకునేదాన్ని. మా ఆయన వైపు చూశాను. ఒకప్పుడు ఉన్నట్టుండి ఆయన అద్దం ముందు నిలబడి “ప్రయాణికులకు విజ్ఞప్తి” సాధన చెయ్యడం మొదలుపెట్టారు. ఈ మనిషికి పిచ్చి పట్టిందా అనుకున్నాను అప్పట్లో. ఇప్పుడాయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

“మరి ఎందుకు మానేశావక్కా?”

పాప బెంచీ మీద కూర్చున్న చప్పుడైంది.

“అమ్మ నాన్నని ఒకటి అడిగి రమ్మంది. ‘ఈ ఇంట్లో ఆయనుంటారో, నన్ను పొమ్మంటారో తేల్చి చెప్పమను’ అంది. నాన్న దగ్గరికెళ్లి నిలబడ్డా. ఎంత ఆలోచించినా దాన్నెలా మార్చాలో తెలీలేదు. ఉన్నదున్నట్టు అడిగితే నాన్న వెళ్లిపోతారేమో. అడగలేదంటే అమ్మ వెళ్లిపోతుందేమో.”

“అయితే?”

“ఏమీ మాట్లాడకపోతే ఎవరూ వెళ్లరు కదా.”

ఆ మాట నేనన్నదే. ఎందుకన్నానో కూడా సరిగా గుర్తులేదు, ఆ రోజు ఫ్రిజ్ తలుపు మోచేతికి కొట్టుకుంది, అంతే అయుంటుంది. అని, అరగంటలో మర్చిపోయి, టీవీ పెట్టుకున్నాను. దాన్ని మొయ్యలేక పిల్ల ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకుని తిరిగింది. బల్లకి అటువైపు మా ఆయన తల దించుకుని చొక్కా బొత్తాం తిప్పుతున్నారు. బొత్తాం ఊడొచ్చేలా ఉంది. నేను ఏదో అనబోయాను. ఆయనా ఏదో అనబోయారు. బంతి మా ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది.

“శుభం!” అన్నారు పెద్ద కౌన్సెలర్ గారు గడియారం చూసుకుని. “పాప మాట్లాడుతోంది!” అని బంతి తీసి సొరుగులో పెట్టేశారు.

తర్వాతంతా చకచకా జరిగిపోయింది. ఆశల నియంత్రణాధికారిని పైకి పిలిపించారు. ఆయన తలుపు సందులోంచి కాసేపు విని నోరు తెరిచాడు. ఊఁ, ఊహూఁ, ఏంటి అనుకున్నచోట వాక్యాలకి వాక్యాలే వస్తున్నాయి. ఇంత మిగులు కేంద్రం చరిత్రలో లేదట. మా కేసును విజయగాథల్లో చేర్చారు. గోడ దగ్గర ముగ్గుర్నీ నిలబెట్టి ఫోటో తీశారు. “సార్, మేడమ్, కొంచెం దగ్గరికి జరగండి” అన్నాడు ఫోటో తీసేవాడు. మేము జరిగాం. మధ్యలో పాప నలిగింది. కిందికి దిగేటప్పుడు యాప్ నక్షత్రాలు అడిగింది, అయిదూ ఇచ్చాను. (అయిదు ఇస్తేగానీ బయటి గేటు తెరుచుకోదు.)

బస్సులో ముగ్గురు పట్టే సీటు దొరికింది. పాప ఆయన్నీ నన్నూ లోపలికి పోనిచ్చి తను చివర కూర్చోవాలని చూసింది. ముందు ఆయన జరగాలని నేను, ముందు నేను జరగాలని ఆయన, కండక్టరు విసుక్కునేదాకా దారికడ్డంగా నిలబడ్డాం. చివరికి ఎప్పటిలాగే కూర్చున్నాం. పాప మధ్యలోంచి ఒకసారి ఆయన మొహంలోకి, ఒకసారి నా మొహంలోకి చూసింది. పాపం, పిల్ల దేనికోసమో ఆశగా ఎదురుచూస్తోందని తెలుస్తూనే ఉంది. రెండు స్టాపులు గడిచాయి.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. కిటికీ వైపు చూస్తూ, మైకు లేని చిన్న గొంతుతో, “పాపా, మీ అమ్మకి చెప్పు. నేనెక్కడికీ వెళ్లనని” అన్నారు.

నా కళ్లనిండా నీళ్లొచ్చేశాయి. నాలుగేళ్లలో మొదటిసారి, పిల్ల కల్పించినది కాదు, కోసి మెత్తన చేసినది కాదు, ఆయన సొంతమాట నా చెవులతో నేను విన్నాను. నాకూ ఎక్కడికీ వెళ్లాలని లేదు. ఆ మాట ఆయనకి చెప్పమని పాపకి చెప్పాను.